వాద్యమూ, వారసత్వమూ: రోరీ గాలహర్ గిటారు కథ

2024 అక్టోబరు 17న లండను నగరంలో బాన్హామ్స్ అనే వేలం సంస్థ ఒక పాత గిటారును అమ్మకానికి పెట్టింది. దాని రంగు చాలావరకు లేచిపోయి, లోపలి కొయ్య బయటపడింది. శ్రుతి బిరడలు ఆరింటిలో ఒకటి మిగిలిన వాటికి జత కాదు. మెడ మీది గుర్తుచుక్కల్లో ఒకటి ఊడిపోగా దాని స్థానంలో వేరే ప్లాస్టిక్ చుక్క అతికించారు. ఇటువంటి వస్తువు పాతసామాన్ల దుకాణంలో కనిపిస్తే మనం బేరమైనా ఆడకుండా ముందుకు సాగిపోతాం. కాని ఆనాడు వేలంలో సుత్తి దెబ్బ పడింది 7 లక్షల పౌన్ల దగ్గర. వేలం సంస్థ రుసుము కూడా కలుపుకుంటే కొన్నవారికి అయినది 8,89,400 పౌన్లు. ఇదే గిటారును 1963లో ఐర్లండులోని కార్క్ నగరంలో పదిహేనేళ్ల కుర్రవాడొకడు నూరు పౌన్లకు కాస్త తక్కువ ధరకు, అదీ వాయిదాల మీద, కొనుక్కున్నాడు. ఆ కుర్రవాడి పేరు రోరీ గాలహర్.

నూరు పౌన్ల వస్తువు దాదాపు తొమ్మిది లక్షల పౌన్ల వస్తువెట్లా అయింది? ఆ మధ్యకాలంలో దానికి కలిసినదేమిటి? కలిపినదెవరు? కళాకారుడు పోయిన తర్వాత ఆ కలిసినది ఎవరికి చెందాలి? ఈ ప్రశ్నలు ఒక గిటారుకు మాత్రమే సంబంధించినవి కావు. ప్రజల మధ్య పుట్టి, ప్రజల కోసం వాయించిన ఏ కళాకారుని వెనుకనైనా ఇవి మిగులుతాయి. అయితే ప్రశ్నలు స్పష్టంగా కనిపించాలంటే ఒక ఉదాహరణను ఆమూలాగ్రం పరిశీలించటం మంచిది. అందుకే నేనీ గిటారును ఎన్నుకున్నాను.

ముందుగా ఒక అభ్యంతరానికి సమాధానం చెప్పాలి. రాక్ సంగీతమంటే మన అభ్యుదయవాదుల్లో కొందరికి చిన్నచూపు ఉన్నది. అది అమెరికా వ్యాపారం, యువకులను మత్తులో ముంచే సరుకు అని వారి వాదన. అందులో సగం నిజమున్నది. ఆ వ్యాపారమెంత లాభసాటిదో ఇందాకటి ధరే చెబుతున్నది. కాని మిగిలిన సగం మరచిపోతే చరిత్రకు అన్యాయం చేసినవాళ్లమవుతాం. ఆ సంగీతానికి మూలం బ్లూస్. మిసిసిపీ పత్తిచేలలో కౌలుకు పనిచేసిన నల్లజాతి శ్రామికులు పాడుకున్న పాట అది. వారు బతుకుతెరువు కోసం షికాగో వంటి పారిశ్రామిక నగరాలకు వలసపోయినప్పుడు పాట కూడా వారి వెంట పోయింది. ఫ్యాక్టరీల రొదలో, సారాకొట్ల సందడిలో మామూలు గిటారు వినపడదు గనుక అక్కడ దానికి విద్యుచ్ఛక్తి తోడయింది. విద్యుత్ గిటారులోని ఆ కరకుదనం శ్రామికజీవితం లోంచి వచ్చినదే. దాన్ని అమ్ముకున్నవారు వేరు, పుట్టించినవారు వేరు.

రోరీ 1948 మార్చి 2న ఐర్లండు వాయవ్య ప్రాంతంలో, డోనెగాల్ జిల్లా బాలీషానన్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. తండ్రి ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఉద్యోగి. ఎర్న్ నది మీద జలవిద్యుత్ కేంద్రం నిర్మిస్తున్న కాలంలో అక్కడ పనిచేశాడు. తీరిక వేళల్లో అకార్డియన్ పట్టుకొని పల్లె నృత్యాలకు వాయించే బృందంలో కూర్చునేవాడు. తల్లి ఊరి నాటక సమాజంలో పాడేది, నటించేది. కుటుంబం అక్కడ నుంచి డెర్రీకీ, ఆ తర్వాత దక్షిణాన ఉన్న కార్క్ నగరానికీ చేరింది. రోరీకి సంగీతం నేర్పిన బడి రేడియో. లక్సెంబర్గ్ నుంచీ, జర్మనీలోని అమెరికన్ సైనికుల కేంద్రం నుంచీ వచ్చే ప్రసారాల్లో లెడ్ బెల్లీ, మడ్డీ వాటర్స్ వంటి నల్లజాతి గాయకుల పాటలు ఆ పిల్లవాని చెవిన పడ్డాయి. పత్తిచేలలో పుట్టిన పాటను విద్యుత్ కార్మికుని కొడుకు అందిపుచ్చుకున్నాడు. ఇందులో వింతేమీ లేదు. శ్రమజీవుల పాట సముద్రాలు దాటటానికి ఎవరి అనుమతీ అడగదు.

ఆ రోజుల్లో ఐర్లండులో వృత్తిగా సంగీతం వాయించదలచుకున్నవాడికి ఉన్న దారి షోబ్యాండు ఒక్కటే. ఏడెనిమిదిమంది సభ్యులు, ఒకే రకం సూట్లు, బాకాలు, గిటార్లు. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ప్రచారంలో ఉన్న పాటలను ఉన్నవి ఉన్నట్టు వాయించి నృత్యశాలల్లో జనాన్ని ఆడించటం వారి పని. ఈస్టరుకు ముందు నలభైరోజుల ఉపవాసకాలంలో మతాచారం ప్రకారం నృత్యశాలలు మూతబడేవి. అప్పుడీ బృందాలు ఇంగ్లండుకు పోయి, అక్కడ ఇళ్లు కట్టే పనిలో, రోడ్లు వేసే పనిలో ఉన్న ఐరిష్ వలస కూలీలకు వాయించేవి. 1950 - 60 మధ్య సుమారు 4 లక్షలమంది ఐర్లండు విడిచి వలసపోయారని తెలిస్తే, ఆ శ్రోతలెవరో, ఎందరో మనకు అర్థమవుతుంది. పదిహేనేళ్లకే రోరీ ఫాంటానా అనే షోబ్యాండులో చేరాడు. అతని చేతికి గిటారు వచ్చింది ఆ సందర్భంలోనే.

రాయల్ షోబ్యాండులోని గిటారు వాద్యకారుడు అమెరికాలో తయారయిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ ఒకటి ఎర్రరంగుది కావాలని తెప్పించుకున్నాడు. వచ్చింది ఎర్రది కాదు. అంచున నలుపూ, నడుమ పసుపూ కలిసిన సూర్యాస్తమయపు రంగుది. ఎర్రది వచ్చాక దీన్ని అమ్మకానికి పెట్టేశాడు. అది కార్క్ లోని క్రౌలీ దుకాణం చేరింది. 1963 ఆగస్టులో రోరీ దాన్ని కొన్నాడు. ఐర్లండులో అడుగుపెట్టిన మొదటి స్ట్రాటోకాస్టర్ అదేనని చెబుతారు. ఒకరు వద్దనుకున్న రంగు మరొకరికి జీవితకాలపు తోడయింది.

ఈ వాద్యాన్ని గురించి రెండు మాటలు చెప్పకపోతే తర్వాతి విషయం బోధపడదు. మన బొబ్బిలి వీణను పనసమాను దుంగ ఒక్కదాన్నే తొలిచి చేస్తారు. అది ఒక పనివాని నేర్పు. స్ట్రాటోకాస్టర్ అటువంటిది కాదు. 1954లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అనే రేడియో మరమ్మతుదారు దాన్ని మార్కెట్లోకి తెచ్చాడు. విచిత్రమేమంటే అతనికి గిటారు వాయించటం రాదు. దేహాన్ని యంత్రం మీద కోసి, మెడను విడిగా చేసి, నాలుగు మరలతో బిగించటం అతని పద్ధతి. ఒక భాగం పాడైతే విప్పి మరొకటి బిగించుకోవచ్చు. ఉక్కుతీగల కింద అయస్కాంతాలుంటాయి. వాటి చుట్టూ వెంట్రుక వంటి సన్నని రాగితీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. పైన తీగ కంపించినప్పుడు ఈ చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తే పెద్ద ధ్వనిగా బయటికి వస్తుంది. ఆ చుట్టలు చుట్టిన ఫ్యాక్టరీ పనివారిలో చాలామంది మెక్సికన్ సంతతి స్త్రీలు. అంటే రోరీ తీగ మీద వేలు పెట్టకముందే ఆ గిటారులో అనేక చేతుల పని దాగి ఉన్నదన్నమాట. 1965లో ఒక పెద్ద రేడియో, టెలివిజన్ సంస్థ ఫెండర్ కంపెనీని 1 కోటి 30 లక్షల డాలర్లకు కొన్నది. నాటి నుంచి సేకర్తలు అంతకుముందు తయారయినవాటిని ప్రత్యేకంగా వెతికి కొంటున్నారు. ఆ పాత గిటార్ల ధర ఏటేటా పెరుగుతూ పోయింది. చుట్టలు చుట్టినవారి కూలి మాత్రం చుట్టిన నాటి కూలే.

ఇక రోరీ చేతిలో దీనికేమయిందో చూడండి. 1966లో అతను షోబ్యాండు బతుకు వదలి టేస్ట్ అనే ముగ్గురు సభ్యుల బృందం కట్టాడు. ఆ 1960ల నడిమి కాలంలోనే డబ్లిన్ లో గిటారును దొంగలెత్తుకుపోయారు. కొన్ని రోజుల తర్వాత అది ఒక గుంటలో, వానకు తడిసి, గీతలు పడి దొరికింది. 1970లో వైట్ దీవి సంగీతోత్సవంలో టేస్ట్ పేరు మోగింది. ఆ సంవత్సరాంతానికే బృందం విచ్ఛిన్నమయింది. 1971 నుంచి రోరీ సొంత పేరుతో వాయించసాగాడు. ఏడాదిలో ఎక్కువ రాత్రులు వేదిక మీదనే. గళ్లచొక్కా, జీన్సు ప్యాంటు. పనివాడు పనికి వచ్చినట్టే వేదికకు వచ్చేవాడు. ఒక్కొక్క కచేరీ రెండు మూడు గంటలు. చేతి చెమట లక్కపూతను తినేసింది. తేమ పీల్చి వంగిన మెడను ఒక దశలో విప్పి, ఆరబెట్టి, కొంతకాలం వేరే మెడతో నడిపించవలసి వచ్చింది. మెట్లు అరిగినప్పుడల్లా కొత్తవి వేశారు. బిరడలు మారాయి, లోపలి తీగచుట్టలు మారాయి. రోరీ రక్తంలోనే ఏదో అపురూపమైన గుణమున్నదనీ, అందువల్లనే రంగు అలా పోయిందనీ అభిమానులు చెప్పుకుంటారు. మహాపురుషుల చుట్టూ ఇటువంటి కథలు అల్లుకోవటం సహజం. కాని మూడు దశాబ్దాలు, రాత్రి వెంట రాత్రి, వేడిదీపాల కింద ఒళ్లు విరుచుకొని పనిచేసినవాడి పనిముట్టు అరిగిపోవటానికి రక్తమహిమ అక్కరలేదు. కమ్మరి సుత్తిపిడి అరగలేదా? దాన్ని చూసి మనం రక్తం సంగతి అడుగుతామా?

ఆ పనిముట్టుతో అతను చేసిన పని ఎటువంటిదో చెప్పటానికి ఒక్క ఘట్టం చాలు. 1970ల మొదట్లో ఉత్తర ఐర్లండు రగులుతున్నది. కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు అనే విభజన వెనుక భూమీ, ఉద్యోగాలూ, ఇళ్లూ, ఓటూ అనే ప్రశ్నలున్నాయి, వీధుల్లో బాంబులున్నాయి. పేరున్న బృందాలు బెల్ఫాస్టుకు రావటం మానుకున్నాయి. అది వట్టి భయమూ కాదు. 1975 జులైలో మయామీ షోబ్యాండు వాద్యకారులు ఉత్తరాన కచేరీ ముగించుకొని తిరిగి వస్తుండగా దారికాచిన సాయుధులు వారిలో ముగ్గురిని చంపివేశారు. అటువంటి కాలంలో రోరీ ఏటేటా బెల్ఫాస్టుకు వెళ్లి అల్స్టర్ హాలులో వాయించాడు. వీధిలో ఒకరినొకరు తప్పించుకు తిరిగే యువకులు ఆ హాలులో భుజం భుజం రాసుకుంటూ నిలబడ్డారు. ఒక్క రాత్రి కచేరీతో వర్గ వైషమ్యాలో, మత వైషమ్యాలో తొలగిపోయాయని నేననను. అటువంటి మాటలు కళను గురించి గొప్పలు చెప్పేవారికి వదిలేద్దాం. కాని కలిసి నిలబడటం సాధ్యమేనన్న అనుభవం ఆ యువకులకు మిగిలింది. 1974 జనవరి నాటి ఐర్లండు పర్యటనను టోనీ పామర్ సినిమాగా తీశాడు. కచేరీల ధ్వనిముద్రణ అదే ఏడాది రికార్డుగా వచ్చింది. ఆ రికార్డులో మోగేది ఈ గిటారే.

రోరీ 1995 జూన్ 14న లండనులో చనిపోయాడు. కాలేయ మార్పిడి శస్త్రచికిత్స జరిగిన తర్వాత తలెత్తిన చిక్కులు కారణం. వయస్సు 47. పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు. చిన్ననాటి నుంచి అతని పర్యటనలు నడిపిన తమ్ముడు డోనల్ మీద వారసత్వభారం పడింది. ఆ వారసత్వమంటే ఏమిటి? నా దృష్టిలో అది మూడు భాగాలు: వాద్యాలు, ధ్వనిముద్రణలు, వాయించే పద్ధతి. మూడింటినీ కాపాడవలసిందే. కాని మూడింటికీ ఒకే మందు పనికిరాదు.

ధ్వనిముద్రణల సంగతి ముందు చూద్దాం. అయస్కాంతపు టేపు శాశ్వతం కాదు. ఏళ్లు గడిచినకొద్దీ దాని పూత చెడుతుంది. కుటుంబం పాత టేపులను వెలికితీయించి, శుభ్రపరిచి, రికార్డులను తిరిగి విడుదల చేయించింది. ఇది మెచ్చదగిన పని. కాని ఇందులోనే ఒక ధర్మసందేహం ఎదురవుతుంది. 1977 చివర రోరీ శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక రికార్డు తయారు చేశాడు. పూర్తయ్యాక అది నచ్చక చెత్తబుట్టలో పారేశాడు; బృందాన్ని మార్చుకొని, అందులోని పాటలు అనేకం కొత్తగా వాయించి 1978లో మరో రికార్డు విడుదల చేశాడు. పారేసిన ఆ రికార్డు 2011లో వెలుగులోకి వచ్చింది. కళాకారుడు వద్దన్నదాన్ని అతను పోయాక లోకానికి అందించవచ్చునా? నా అభిప్రాయం చెబుతాను. భద్రపరచటం వేరు, అంగడిలో పెట్టటం వేరు. పరిశోధకుడికీ, విద్యార్థికీ ఆ టేపు అత్యవసరం. ఒక కళాకారుడు దేన్ని తిరస్కరించాడో తెలియకపోతే దేన్ని ఎందుకు స్వీకరించాడో తెలియదు. కనుక దాన్ని నాశనం కాకుండా కాపాడినవారు మేలు చేశారు. అయితే దాన్ని అందరికీ వినిపించే మార్గం సరుకుగా అమ్మటమొక్కటేనా? కావలసినవారు వచ్చి విని, పోల్చి, నేర్చుకోగల ప్రజాగ్రంథాలయం ఇందుకు ఎక్కువ తగిన స్థలమని నేననుకుంటాను.

వాద్యాల విషయంలో చిక్కు ఇంకా పెద్దది. టేపుకు ప్రతి తీయవచ్చు. గిటారుకు తీయటానికి లేదు. నిజానికి తీస్తున్నారు కూడా! రోరీ మరణానంతరం ఫెండర్ కంపెనీ అతని గిటారును పోలిన నమూనాలు తయారు చేసి అమ్మింది. రంగు ఎక్కడ లేచిపోయిందో అక్కడ లేపారు. జత కలవని బిరడను అలాగే పెట్టారు. ముప్పై ఏళ్లలో ఒక మనిషి చెమట చేసిన పనిని ఫ్యాక్టరీలో పనివారు కొన్నాళ్లలో చేసిపెట్టారు. వారి నేర్పును నేను కాదనను. కాని అనుభవం లేకుండానే అనుభవపు గుర్తులను కొనుక్కోదలచిన సమాజపు మనస్తత్వం ఇందులో తేటతెల్లంగా కనిపిస్తున్నది. అరిగిన గిటారును కొనుక్కోవచ్చును. అరగదీసిన జీవితాన్ని కొనుక్కోవటం ఎట్లా?

అసలు వాద్యాల మార్కెట్ సంగతి చెప్పనక్కరలేదు. పింక్ ఫ్లాయిడ్ బృందంలోని డేవిడ్ గిల్మర్ 2019లో తన గిటార్లను దానధర్మం కోసం వేలం వేస్తే ఒక్క నల్ల స్ట్రాటోకాస్టర్ 39 లక్షల 75 వేల డాలర్లు పలికింది. 1994లో చనిపోయిన కర్ట్ కొబేన్ గిటారు 2020లో 60 లక్షల డాలర్లు దాటింది. 1969లో వుడ్‌స్టాక్‌లో జిమీ హెండ్రిక్స్ వాయించిన గిటారు చేతులు మారి, చివరకు మైక్రోసాఫ్ట్ స్థాపకుల్లో ఒకడైన పాల్ ఆలెన్ కొనుగోలులో చేరి, అతను సియాటిల్‌లో 2000లో తెరిపించిన ప్రదర్శనశాలకు వచ్చింది. అంటే ఒక వాద్యాన్ని జనం చూడగలగటమన్నది ఒక ధనవంతుని అభిరుచి మీద ఆధారపడి ఉన్నదన్నమాట. అతని అభిరుచి మంచిదైతే మన అదృష్టం. మరొకడు కొని ఇనప్పెట్టెలో దాచుకుంటే అడిగే హక్కు మనకు లేదు.

ఈ నేపథ్యంలో 2024 వేలాన్ని చూడాలి. వేలం వార్త ఆ ఏడాది వేసవిలో వెలువడగానే ఐర్లండులో కలవరం పుట్టింది. గిటారు దేశం దాటిపోరాదన్నారు. కార్క్‌లో సంతకాలు సేకరించారు. ప్రభుత్వమే కొనాలన్న మాట రాజకీయ నాయకుల నోటా వినిపించింది. చివరకు వేలంలో గిటారును కొన్నది ప్రభుత్వం కాదు. లైవ్ నేషన్ గెయిటీ ప్రొడక్షన్స్ అనే కచేరీల వ్యాపార సంస్థ. కొని, దాన్ని ఐర్లండు జాతీయ ప్రదర్శనశాలకు ఇస్తున్నట్టు ప్రకటించింది. డబ్లిన్ లోని కాలిన్స్ బారక్స్ అనే పూర్వపు సైనిక స్థావరంలో ఉన్న ఆ ప్రదర్శనశాలకు ప్రవేశ రుసుము లేదు. గిటారు స్వదేశం చేరింది. పేదవాడైనా వెళ్లి చూడవచ్చు. ఫలితం మంచిదే. నేనూ సంతోషించాను.

కాని సంతోషించి ఊరుకోవటం విమర్శకుని పని కాదు. డోనల్ అన్నగారి వాద్యాలను అమ్మటం ద్రోహమని కొందరు అన్నారు. ఆ మాట న్యాయం కాదు. 29 సంవత్సరాలు వాటిని భద్రపరచి, బీమాలు కట్టి, అడిగినవారికి చూపిస్తూ వచ్చింది ఆ కుటుంబమే. ఒక జాతి తన సంపద అని చెప్పుకునేదాన్ని ఒక ఇంటివారే తమ ఖర్చుతో మోయాలనటం, అలసి దింపుకుంటే నిందించటం ఏ నీతి? తప్పు పట్టవలసినది వ్యక్తిని కాదు, ఏర్పాటును. ఈ ఏర్పాటులో ప్రజల స్మృతికి ధర కట్టేది వేలం. ఆ ధర చెల్లించగలది వ్యాపార సంస్థ. ప్రజలకు దక్కేది కానుక. కానుకకూ హక్కుకూ భేదమున్నది. హక్కును అడిగి తీసుకుంటాం. కానుకను ఇచ్చినవాడి పేరు తలచుకుంటూ పుచ్చుకుంటాం. కచేరీ టిక్కెట్ల మీద లాభాలు గడించే సంస్థ ఒక గిటారును జాతికిచ్చినప్పుడు, ఆ లాభాలు కూడా టిక్కెట్లు కొన్న యువకుల జేబుల్లోంచే వచ్చాయని గుర్తుపెట్టుకుంటే చాలు. కృతజ్ఞత తగుపాళ్లలో ఉంటుంది. పైగా ఆ వేలంలో అమ్ముడుపోయింది ఈ ఒక్క గిటారే కాదు. రోరీ ఇతర గిటార్లు, శబ్దవర్ధకాలు ఎన్నో అక్కడే తలొక చేతికి పోయాయి. ఒక వృత్తికారుని పనిముట్ల సమూహం ఒకచోట ఉంటే అది చరిత్ర. చెదిరిపోతే ఒక్కొక్కటి ఒక్కొక్కరి ఇంట్లో అలంకారం.

ఇక్కడ నుంచి మూడవ భాగానికి, అన్నిటికంటె సున్నితమైనదానికి వస్తాను. అద్దాల పెట్టెలోని గిటారు మోగదు. కొయ్యను కాపాడటానికి కావలసినవి నిలకడైన తేమ, తక్కువ వెలుతురు, సడలించిన తీగలు. సంగీతాన్ని కాపాడటానికి కావలసినవి ఇందుకు సరిగ్గా వ్యతిరేకం: బిగించిన తీగలు, వేడి, చెమట, జనం. రోరీ ధ్వని కూడా ఒక్క గిటారులో లేదు. వాక్స్ శబ్దవర్ధకం, దాని ముందు తీక్ష్ణస్వరాన్ని పెంచే చిన్న పెట్టె, స్వరాన్ని మార్చే మీటను చిటికెనవేలితో తిప్పే అలవాటు, ఇవన్నీ కలిస్తే ఆ ధ్వని. పెట్టెలో పెట్టగలిగినది పనిముట్టును మాత్రమే. పనిని పెట్టెలో పెట్టలేము. అందువల్ల ప్రదర్శనశాల అనవసరమని కాదు. ఆ అరుగుదల ఒక దస్తావేజు; దాన్ని మెరుగుపెట్టకుండా, అతుకుల్ని దాచకుండా చూపటం ఒక శాస్త్రం. బిరడ మార్చిన మరమ్మతుదారు, మెట్లు వేసిన పనివాడు, చుట్టలు చుట్టిన స్త్రీ కూడా ఆ దస్తావేజులో సంతకం చేసినవారే. వాద్యం 1961లో ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి రూపమే అసలైనదనేవాడు సరుకును చూస్తున్నాడు. మార్పులన్నీ కలిసినదే అసలైనదనేవాడు చరిత్రను చూస్తున్నాడు.

పనిని కాపాడేది మనుషులే. ఈ విషయంలో పెద్ద సంస్థలకంటె చిన్న ఊళ్లు ముందు నడిచాయనటం అతిశయోక్తి కాదు. కార్క్ నగర గ్రంథాలయం 2004లో తన సంగీత విభాగానికి రోరీ పేరు పెట్టింది. అక్కడ పుస్తకాలూ రికార్డులూ ఎవరైనా తీసుకుపోవచ్చు. అతను పుట్టిన బాలీషానన్ లో 2002 నుంచి అతని పేరిట సంగీతోత్సవం జరుగుతూ వచ్చింది. పలుదేశాల వాద్యకారులు వచ్చి అతని పాటలు వాయిస్తారు; 2010లో అక్కడ కాంస్య విగ్రహం కూడా నిలిపారు. 2025 జనవరిలో బెల్ఫాస్టులో, అదే అల్స్టర్ హాలు ముందు మరొక విగ్రహం వెలసింది. విగ్రహాలకు నేను వ్యతిరేకిని కాను. కష్టకాలంలో వచ్చినవాణ్ణి ఒక నగరం గుర్తుంచుకోవటం ఆ నగరానికి గౌరవం. కాని విగ్రహం ముందు నిలబడినవాడు తలెత్తి చూస్తాడు. గ్రంథాలయంలో రికార్డు తీసుకున్నవాడు ఇంటికి పోయి తీగ మీద వేలు పెడతాడు. వారసత్వం కొనసాగేది రెండవవాడి వల్ల.

రోరీ కూడా ఒక వారసుడే కదా. మడ్డీ వాటర్స్ 1971లో లండను వచ్చి రికార్డు చేసినప్పుడు రోరీ అతని పక్కన కూర్చుని వాయించాడు. ఆ విద్యను అతను ఏ వేలంలోనూ కొనలేదు. విన్నాడు, వేళ్లు కాయలుకాసేదాకా సాధన చేశాడు, గురువు ఎదుట అప్పజెప్పాడు. గురువు పాటకు ధర కట్టి, కొన్నవాడికే వినిపిస్తామని ఎవరైనా అని ఉంటే కార్క్ కుర్రవాడి చెవిన ఆ పాట పడేదే కాదు. కనుక నేను చేరుకున్న నిర్ణయం ఇది. కళాకారుని పనిముట్లు ప్రజల సొత్తుగా, ప్రజాధనంతో, ఒక్కచోట భద్రంగా ఉండాలి. అతని ధ్వనిముద్రణలు ప్రతి గ్రంథాలయానికీ అందాలి. అతని విద్య నేర్చుకోదలచిన పిల్లవాడికి వాద్యం వాయిదాల మీదైనా దొరకాలి. మొదటి రెండూ చేసి మూడవది చేయకపోతే మిగిలేది సమాధి.

కాలిన్స్ బారక్స్ లో ఆ గిటారు పక్కన ఏమి రాయాలని నన్నెవరూ అడగరు. అడిగితే మాత్రం 8,89,400 అన్న అంకెను రాయవద్దంటాను. 1963లో దాన్ని వాయిదాల మీద కొన్నారని మాత్రం రాయమంటాను. ఆ ఒక్క వాక్యం చదివిన పేద కుర్రవాడికి గిటారు తన చేతికందే దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది.